బ్రాడీపేటలో నా మొదటి లినక్స్

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అంతమాత్రాన నా ల్యాప్‌టాప్ ఏమీ ఆగిపోలేదు, ఎప్పటిలాగే నత్తనడక నడుస్తూనే ఉంది. కాకపోతే భద్రతా అప్‌డేట్లు ఇక రావు. విండోస్ 11కు వెళ్దామంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతిదో కావాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. నాది 2015లో కొన్నది. అయిదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. 2026 అక్టోబర్ దాకా అదనపు అప్‌డేట్లు తీసుకునే వీలు ఒకటి ఉంది గానీ, దానితో దొరికేది ఒక ఏడాది గడువు, అంతే. మా గుంటూరు అరండల్‌పేటలో నేను అడిగిన షాపతను మూతైనా తెరవకుండా "కొత్తది తీసుకోండి మాస్టారూ" అనేశాడు.

నేను పదో తరగతికి, ఇంటర్‌కు లెక్కల ట్యూషన్ చెబుతాను. ఆ ల్యాప్‌టాప్‌తో నాకు పడే పనులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెలుగులో, ఇంగ్లిషులో ప్రశ్నపత్రాలు తయారు చేయడం, వాటిని అచ్చు తీయడం, ఆదివారం క్లాసులో ప్రొజెక్టర్‌కు కలిపి బొమ్మలు చూపించడం, బ్రౌజర్‌లో ఫలితాలూ సిలబస్సూ వెతకడం. ఇంత పనికి నలభై, యాభై వేలు పోయడానికి మనసొప్పలేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ పెట్టుకుందామని అప్పుడు అనుకున్నాను.

అనుకున్నది బయటికి చెప్పగానే సలహాలు మొదలయ్యాయి. లినక్స్ ఒక్క రూపంలో రాదు, పంపిణీలు (డిస్ట్రోలు) అనే రకరకాల పేర్లతో దొరుకుతుంది. మా వీధిలోనే ఉండే ఫిజిక్స్ లెక్చరర్ గారికి ఉబుంటు తప్ప మరొకటి ఆనదు. ఒకప్పుడు ఉబుంటు సీడీలను అడిగిన వారందరికీ పోస్టులో ఉచితంగా పంపేవారు, 2011లో ఆపేశారు. ఆ సీడీ ఒకటి ఆయన బీరువాలో ఇప్పటికీ ఉంది. "ఇరవై ఏళ్లుగా ఉన్నదండీ, దానికి మించి ఆలోచించకండి" అన్నారు. విజయవాడలో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు శనివారం వచ్చి, "ఆర్చ్ పెట్టు మామయ్యా, అన్నీ నీ చేతులతో నువ్వే కట్టుకోవచ్చు" అన్నాడు. నాకు కట్టుకోవాలని లేదు, వాడుకోవాలని ఉంది. వాడి స్నేహితుడైతే కాళీ లినక్స్ పేరెత్తాడు. నల్ల తెర, డ్రాగన్ బొమ్మ చూసి కుర్రకారు దాని వెంట పడుతున్నారు గానీ, అది భద్రతా పరీక్షలు చేసేవారి కోసం కట్టిన పనిముట్టు. లినక్స్‌కు కొత్తవాళ్లు దీని జోలికి రావద్దని కాళీ వాళ్లే తమ పత్రాల్లో రాసుకున్నారు. తయారు చేసినవాళ్లే వద్దంటుంటే ఇక వాదన దేనికి?

ఇన్ని పేర్లు విన్నాక నాకు కావలసింది మరో సలహా కాదు, ఈ గుంపులో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియడం. ఒక సాయంత్రం కూర్చుని వంశవృక్షం లాంటిది గీసుకున్నాను. 1993లో మొదలైన డెబియన్ పెద్దతరం. దాని నుంచి 2004లో ఉబుంటు వచ్చింది. ఉబుంటు మీద ఆధారపడి 2006లో లినక్స్ మింట్, 2009లో జోరిన్ వచ్చాయి. కాళీ కూడా డెబియన్ సంతానమే. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్, తెలుగులో పనిచేయాలని స్వేచ్ఛ సంస్థ వాళ్లు చేసిన పంపిణీ కూడా డెబియన్ ఇంటివే. రెడ్ హ్యాట్ కంపెనీ వైపు నుంచి 2003లో ఫెడోరా వచ్చింది. ఆర్చ్ ఎవరి మీదా ఆధారపడకుండా విడిగా నిలబడింది. అడుగున ఉండి యంత్రాన్ని నడిపే కెర్నల్ అందరికీ ఒక్కటే, 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది.

ఆ కాగితం చూసుకున్నాక భయం సగం తగ్గింది. వందల పేర్లలో నాబోటివాడు చూడవలసినవి నాలుగే: ఉబుంటు, మింట్, జోరిన్, ఫెడోరా. ఆ నాలుగింటికీ మధ్య తేడాలు కూడా పెద్ద రహస్యాలు కావు. తెర ఎలా కనిపిస్తుంది, ఒక వెర్షన్‌ను ఎన్నేళ్లు చూసుకుంటారు, సోర్సు కోడ్ (ప్రోగ్రామ్ మూల పాఠం) ఇవ్వని కంపెనీల డ్రైవర్లను, అంటే వైఫై వంటి భాగాలను నడిపే ప్రోగ్రాములను, దగ్గరికి రానిస్తారా లేదా. ఈ మూడో దాని గురించి ఎవరూ నాకు చెప్పలేదు. చివరికి తీర్పు చెప్పింది అదే.

మొదట రెండో ప్రశ్న తేల్చుకున్నాను, అది కాగితం మీదే తేలుతుంది కాబట్టి. ఫెడోరా ఒక్కో వెర్షన్‌ను దాదాపు 13 నెలలే చూసుకుంటుంది, ఆ లోపు కొత్తదానికి మారుతూ ఉండాలి. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్లు రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తాయి, అయిదేళ్లు అప్‌డేట్లు అందుతాయి. మింట్ 22 వరుస ఉబుంటు 24.04 మీద కట్టినది కాబట్టి దానికి 2029 దాకా ఢోకా లేదు. పబ్లిక్ పరీక్షల ముందు నెలలో ల్యాప్‌టాప్ నన్ను ఏ కొత్త వెర్షన్‌కూ లాగకూడదు. ఆ లెక్కన ఫెడోరాకు అప్పుడే మార్కులు తగ్గాయి. అయినా చూడకుండా కొట్టేయడం ఎందుకని జాబితాలో ఉంచాను.

ఇక మిగిలింది పెట్టి చూడటం. నా ఫోన్‌లో రోజుకు 2 జీబీ డేటా. మింట్ ఫైలు 3 జీబీకి దగ్గర, ఉబుంటు ఫైలు 6 జీబీకి దగ్గర. అందుకని లెక్చరర్ గారింటి బ్రాడ్‌బ్యాండ్ మీద పడ్డాను. ఆయన శ్రీమతి ఇచ్చిన కాఫీ తాగుతూ నాలుగూ దించుకున్నాను. దించుకున్న ఫైలు పాడవకుండా వచ్చిందో లేదో చూసుకోవడానికి వాళ్లు ఒక పొడవైన సంఖ్య ఇస్తారు. దానితో సరిపోల్చుకోవడం రెండు నిమిషాల పని, మానకూడదు.

వెంటాయ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను 32 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తే చాలు, ఆ తర్వాత దించుకున్న పంపిణీల ఐఎస్‌ఓ ఫైళ్లను మామూలు ఫైళ్లలాగే అందులోకి కాపీ చేసుకోవచ్చు. పెన్ డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కితే (నా దాంట్లో ఎఫ్12, కంపెనీని బట్టి మారుతుంది) నాలుగు పేర్ల జాబితా వస్తుంది. ఏది కావాలంటే దానిలోకి వెళ్లవచ్చు. బయోస్‌లో (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ అనే భద్రతా తనిఖీని ముందే ఆపేశాను. ఇదంతా పెన్ డ్రైవ్ నుంచి, ర్యామ్‌లో నడుస్తుంది. మనం కోరితే తప్ప హార్డ్ డిస్కులో గీత కూడా పడదు. ఈ ఒక్క సదుపాయం గురించి ముందే తెలిసి ఉంటే ఇంతమందిని అడిగేవాడినే కాదు.

నాలుగింటికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చాను. వైఫై వస్తోందా? శబ్దం వస్తోందా? మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా? ప్రొజెక్టర్ తీగ పెడితే తెర అవతల కనబడుతోందా? తెలుగు అక్షరాలు సరిగ్గా అతుకుతున్నాయా?

ఉబుంటు ముందు. చూడముచ్చటగా ఉంది, ఎడమ పక్కన బొమ్మల వరుస, పైన నల్ల పట్టీ. కానీ దాని గ్నోమ్ తెరకు నా 4 జీబీ ర్యామ్ చాలలేదు. ఫైర్‌ఫాక్స్ నొక్కి, అది తెరుచుకునే లోపు బ్యాచ్ హాజరు మొత్తం తీసుకోవచ్చు. పెన్ డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు ఏదైనా నెమ్మదిగానే ఉంటుంది, ఆ రాయితీ ఇచ్చే చెబుతున్నాను. జోరిన్ 18, విండోస్ 10కు మద్దతు ముగిసిన అక్టోబర్ 14నే విడుదలైంది. ఐర్లాండులో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన పంపిణీ అది. విండోస్ అలవాటున్న వాళ్లకు పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది, మా ఆవిడకు నాలుగింటిలో అదే నచ్చింది. బరువులో మాత్రం అది కూడా ఉబుంటు బాటే.

ఫెడోరా శుభ్రంగా, అనవసరపు హంగులు లేకుండా ఉంది. వైఫై మాత్రం లేదు. రాలేదని కాదు, అసలు ఈ యంత్రంలో వైఫై అనే వస్తువే లేనట్టు ప్రవర్తించింది. నా ల్యాప్‌టాప్‌లోని చిప్పు తయారు చేసినవారు దాని డ్రైవర్ సోర్సును బయటపెట్టలేదు. ఫెడోరా అలాంటి డ్రైవర్లను తనతో ఇవ్వదు. అది వాళ్ల సిద్ధాంతం, కాదనడానికి నేనెవరిని. కావాలనుకుంటే విడిగా మరో సాఫ్ట్‌వేర్ భాండాగారాన్ని జోడించి తెచ్చుకోవచ్చు. మేనల్లుడు ఫోన్‌లో ఆ ఆదేశాలన్నీ ఓపికగా చెప్పాడు కూడా. కానీ మొదటిరోజే ఇంత తతంగం అవసరమైతే, వాడు ఊళ్లో లేని రోజు నా గతి ఏమిటని ఆలోచించాను.

మింట్‌లో కూడా తెరవగానే వైఫై రాలేదు. అయితే మెనూలో డ్రైవర్ మేనేజర్ అని ఒకటి ఉంది. ఫోన్‌ను చార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఫోన్‌లోని ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కు వస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరిచాను. నా వైఫై చిప్పు పేరు, దాని కింద ఒక డ్రైవర్, "సిఫారసు చేయబడినది" అన్న ముక్క కనిపించాయి. ఎంచుకుని అమలు చేయమన్నాను. నీలం గీత ఒకటి మెల్లగా కుడివైపుకు పాకింది. కాసేపటికి కింద మూల వైఫై గుర్తు వచ్చింది. నొక్కితే మా ఇల్లు, పై వాటా వాళ్లది, ఎదురింటి మెడికల్ షాపుది, వీధి చివర కోచింగ్ సెంటర్‌ది, అన్ని పేర్లూ బారులు తీరాయి. ఒక్క ఆదేశమూ టైపు చేయలేదు. నా వరకు వాదన అక్కడితో తెగిపోయింది.

ఉబుంటులో కూడా ఇదే డ్రైవర్ దొరుకుతుంది, న్యాయంగా ఆ మాట చెప్పాలి. లెక్చరర్ గారు అదే వాదించారు. అయితే బరువు సంగతి మళ్లీ అడ్డు వచ్చింది. మింట్‌లో మూడు రకాల తెరలు ఉన్నాయి: సినమన్, మాతే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. లోపలి సరుకు ఒకటే, పైముఖం వేరు. సినమన్ అందంగా ఉంటుంది, నలుగురూ చెప్పేది దాని గురించే. ఎక్స్‌ఎఫ్‌సీఈ ముఖం కొంచెం పాతకాలపు ప్రభుత్వ కార్యాలయంలా ఉంటుంది గానీ ర్యామ్ తక్కువ తింటుంది. అది కూడా పెన్ డ్రైవ్‌లో వేసి చూశాను. బ్రౌజర్‌లో నాలుగు పుటలు తెరిచి, పక్కన లిబ్రెఆఫీస్‌లో టైపు చేస్తున్నా ఊపిరి పీల్చుకుంటూనే ఉంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనుకున్నాను.

విండోస్‌నూ లినక్స్‌నూ ఒకే డిస్కులో పక్కపక్కన పెట్టుకునే మార్గం గురించి మేనల్లుడు చెప్పాడు. నేను ఆ దారి పట్టలేదు. అరండల్‌పేటలోనే మరో షాపులో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) కొని, పాత హార్డ్ డిస్కు స్థానంలో వేయించాను. పాత డిస్కును ఒక యూఎస్‌బీ కేసులో పెట్టించుకున్నాను. నా పదేళ్ల ఫైళ్లు, విండోస్ అన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందువల్ల ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్కు మొత్తం చెరిపివేయాలా" అని అడిగితే నిర్భయంగా అవును అన్నాను. ఖాళీ డిస్కులో చెరిపేందుకు ఏముంది? పాత యంత్రం ఉన్నవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: ఏ లినక్స్ అన్న చర్చకు ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. నా ల్యాప్‌టాప్‌లో వచ్చిన వేగంలో పెద్ద వాటా దానిదే. ఇన్‌స్టాల్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. భాష, సమయం, పేరు, పాస్‌వర్డ్ అడిగింది, కాఫీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

తెలుగు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది దానికే. నాది ఇన్‌స్క్రిప్ట్ అలవాటు. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వచ్చే ప్రామాణిక కీబోర్డు అది. కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి భారతీయ లేఅవుట్లలో తెలుగు జోడించాను. భాష మార్చడానికి ఒక మీట పెట్టుకున్నాను. "క్రమం" టైపు చేశాను: కె, డి, జె, సి, ఎక్స్. ముప్పై ఏళ్లుగా వేళ్లకు ఉన్న దారి అదే, అక్షరం కూడా అదే పడింది. రావత్తు సరిగ్గా ఒదిగింది, సున్న చోట సున్న పడింది. మా అమ్మాయికి ఇన్‌స్క్రిప్ట్ రాదు, ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు రావాలి. దానికి ఐబస్, ఎం17ఎన్ అన్నవి సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేస్తే ఆర్‌టీఎస్ పద్ధతి దొరికింది.

ఫాంట్లకు కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు వంటివి దించుకుని వేశాను. ప్రశ్నపత్రానికి మండలి బాగుంది, చిన్న సైజులో కూడా వత్తులు ఒకదానిలో ఒకటి ఇరుక్కోవు. లిబ్రెఆఫీస్‌లో తెలుగుకు, ఇంగ్లిషుకు ఫాంటూ సైజూ విడివిడిగా పెట్టుకోవచ్చు. రెండు భాషల్లో ప్రశ్న ఇవ్వవలసిన నాకు ఇది వర్డ్‌లో కంటే హాయిగా అనిపించింది.

పాత పత్రాల కథ వేరు. మన డీటీపీ లోకమంతా ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద నడిచింది. వాటిలో కొట్టించిన నా పాత ప్రశ్నపత్రాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌కైనా అర్థమయ్యే ప్రామాణిక అక్షర సంకేతాలు) కావు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు, విదేశీ అక్షరాలు కనిపిస్తాయి. ఇది లినక్స్ దోషం కాదు, ఆ ఫాంటు లేని విండోస్‌లోనూ అంతే. అందుకే పాత డిస్కు బయటికి తీయించడానికి ముందే, మళ్లీ వాడే వాటన్నిటినీ పీడీఎఫ్‌లుగా మార్చి పెట్టుకున్నాను. మిగిలినవి నిదానంగా యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నాను. సమీకరణాలు ఉన్న వర్డ్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటున్నాయి గానీ, భిన్నాలు, వర్గమూలాలు ఉన్న చోట వరుస కిందికి జారుతోంది. ఒక పేజీలో సరిపోయిన పేపరు రెండో పేజీలోకి రెండు వరుసలు తోస్తోంది. ఇతరులకు పంపవలసినవి పీడీఎఫ్‌లోనే పంపుతున్నాను.

ప్రింటర్ మొండికేసింది. నాది జిరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో ఎక్కడ చూసినా కనిపించే చిన్న లేజర్ ప్రింటర్. కొత్త ప్రింటర్లలో చాలావాటికి ఇప్పుడు డ్రైవర్ అక్కర్లేదు, కలపగానే లినక్స్ గుర్తిస్తుంది. నా పాతదానికి ఆ అదృష్టం లేదు. దాని లినక్స్ డ్రైవర్ ఎప్పటిదో, దాన్ని వేయడానికి వేయవలసిన మెలికలు ఇంకెన్నో. మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తానన్నాడు. అప్పటిదాకా పీడీఎఫ్‌ను ఫోన్‌లోకి పంపి నాలుగో లైనులోని జిరాక్స్ షాపులో తీయిస్తున్నాను. బ్యాచ్‌కు సరిపడా కాపీలు ఎటూ అక్కడే తీయించాలి కాబట్టి నష్టమేమీ కనబడలేదు. రోజూ ఇంట్లో అచ్చు తీసుకునేవారు మాత్రం పెన్ డ్రైవ్ పరీక్షలోనే ప్రింటర్‌ను కూడా కలిపి చూసుకోవాలి. నా అయిదు ప్రశ్నల జాబితాకు ఆరోదిగా దీన్ని చేర్చుకోండి.

ప్రొజెక్టర్ పెట్టగానే పనిచేసింది. లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి వృత్తాలకు స్పర్శరేఖలు గీసి చూపించడం ఎప్పటిలాగే సాగుతోంది. ఆదివారం బ్యాచ్‌లో ఒక పిల్లవాడు తప్ప తెర మారిందని ఎవరూ గమనించలేదు. వాడు క్లాసు అయ్యాక వచ్చి "సార్, ఇది హ్యాకర్లు వాడేదా?" అని గుసగుసగా అడిగాడు. అప్‌డేట్లు ఉన్నప్పుడు కింద మూల డాలు గుర్తు మీద చుక్క పడుతుంది, నాకు తీరిక ఉన్నప్పుడు నొక్కుతాను. టైమ్‌షిఫ్ట్ అని ఒకటి ఉంది, వారానికోసారి వ్యవస్థ నకలు తీసి ఉంచేలా పెట్టాను. ఏదైనా చెడితే వెనక్కి వెళ్లవచ్చు. మన సొంత ఫైళ్లను అది మామూలుగా దాచదు, వాటిని విడిగా పాత డిస్కులోకి కాపీ చేసుకుంటున్నాను.

ఇదంతా చూసి మిర్చి యార్డులో కమిషన్ దుకాణంలో లెక్కలు రాసే మా ఎదురింటాయన తన కంప్యూటర్‌కు కూడా ఇదే పెట్టమని అడిగాడు. "మీ పనంతా ట్యాలీలోనే కదండీ?" అన్నాను. అవునన్నాడు. ట్యాలీ విండోస్ కోసం చేసినది. దాన్ని లినక్స్‌లో నడపడానికి అడ్డదారులు ఉన్నా, దుకాణం లెక్కలు అడ్డదారుల మీద పెట్టేవి కావు. మీరు విండోస్‌లోనే ఉండండి, అవసరమైతే కంప్యూటర్ మార్చుకోండి అని చెప్పాను. కొంచెం నిరాశపడ్డాడు గానీ, పెన్ డ్రైవ్ మాత్రం అడిగి తీసుకున్నాడు. వాళ్ల అమ్మాయికి ఈ ఏడాది డిగ్రీలో పైథాన్ ప్రోగ్రామింగ్ ఉందట.